బల్ల మీద బాణం

సంతకం పెట్టనని ఆమె చెప్పడం అది నాలుగోసారి.

మొదటిసారి మెత్తగా చెప్పింది. రెండోసారి కారణం చెప్పింది. మూడోసారి గొంతు పెంచింది. నాలుగోసారికి మాటలు దండగ అనిపించి, కాగితాన్ని ఒక్క వేలితో అవతలికి నెట్టింది. అది భోజనాల బల్ల మీద జారుకుంటూ పోయి మామగారి మంచినీళ్ల గ్లాసు దగ్గర ఆగింది.

"తడుస్తుందమ్మా," అన్నాడాయన, గ్లాసు పక్కకు జరుపుతూ.

"తడవనివ్వండి మామయ్యా. పనికిరాని కాగితమేగా."

"నాలుగింటికల్లా పోటీల కమిషనర్ చేతిలో ఉండాల్సిన కాగితం."

"ఆయన అడిగింది నా జవాబు. ఇందులో నాది ఒక్క అక్షరం లేదు. దస్తూరీ మీదే, మాటలూ మీవే."

మామగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. నలభై ఏళ్లు మైదానాల్లో బాస్కెట్‌బాల్ రిఫరీగా పనిచేసిన మనిషి. ఆయన ఊదితే పక్కవీధిలో బళ్లు ఆగేవని చెప్పుకునేవారు. పెద్దవిజిల్ అన్న పేరు అలా వచ్చింది, ఆయన అసలు పేరు పింఛను కాగితాల్లో తప్ప ఎక్కడా లేదు. అంతటి మనిషి ఇవాళ కోడలి ముందు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"చదువు ఇంకోసారి. తప్పేముందో చెప్పు," అన్నాడు.

ఆమె చదవనక్కర్లేదు, కంఠతా వచ్చేసింది. 'నాలుగో క్వార్టర్ మొదట్లో బాణం తిప్పడం మర్చిపోయాను. ఇది పూర్తిగా నా అజాగ్రత్త. ఫైనల్ నుంచి నా అంతట నేను తప్పుకుంటున్నాను.'

"మొదటి మాటే అబద్ధం. నేను మర్చిపోలేదు, తిప్పాను."

బల్ల ఆ చివర ఆమె భర్త కూర్చుని, నీళ్ల సీసా మూత తీస్తున్నాడు, బిగిస్తున్నాడు. పొద్దుటినుంచీ అతని నోట్లోంచి వచ్చినవి రెండే మాటలు, ఒకటి 'ఊఁ', ఒకటి 'చూద్దాం'.

అత్తగారు వంటింటి గుమ్మం దగ్గర గరిటెతో నిలబడింది. "వంట చల్లారిపోతోంది. సంతకం పెట్టి తినండి, తినేసి పెట్టండి, నాకు ఏదైనా ఒకటే," అంది.

ఆ ఇంటి సంగతి కొంచెం విచిత్రం. ఇంట్లో బంతి పట్టుకుని ఆడినవాళ్లు ఒక్కరూ లేరు. ఉన్నవాళ్లందరూ ఊదేవాళ్లు, రాసేవాళ్లు, నొక్కేవాళ్లు. ఆట ఎక్కడ జరిగినా మైదానం పక్కన పొడుగాటి బల్ల వేసుకుని కూర్చునే జాతి. ఆమె ఒకప్పుడు పెద్దవిజిల్ దగ్గర స్కోరుషీటు రాయడం నేర్చుకున్న శిష్యురాలు. షీటు మీద గీత గీస్తే అచ్చేసినట్టుండేది. ఆయన కొడుక్కి సంబంధం చూశాడా, కొడుకు పక్కన కూర్చోబెట్టడానికి మంచి చేతిరాత చూశాడా అని అత్తగారు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. పదకొండేళ్లయింది. ఇప్పుడు ఊళ్లో అందరికీ ఆమె స్కోరరమ్మ. భర్త ఆమెకు సహాయకుడు. ఆమె షీటు రాస్తుంది, అతను పక్కనే కూర్చుని స్కోరుబోర్డు మీటలు నొక్కుతాడు.

పురుషుల అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్ ఈ ఊరికి రావడం ఇదే మొదలు. పదహారు రోజులుగా మొగుడూ పెళ్లాం ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. రేపు సాయంత్రం ఆరింటికి ఫైనల్. ఆ ఆటకు స్కోరరుగా ఆమె పేరు నోటీసు బోర్డులో పెట్టి ఐదు రోజులైంది. మగవాళ్ల ఫైనల్లో ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోవడం ఈ పోటీల్లో ఇంతవరకూ లేదు.

నిన్నటి సెమీఫైనల్ వచ్చి కొంప ముంచింది. ఇంకా ఏడు సెకన్లుండగా ఇద్దరు ఆటగాళ్లు ఒకే బంతిని పట్టుకుని నాదంటే నాదని పెనుగులాడారు. అలాంటప్పుడు బంతి ఎవరిదో చెప్పేది బల్ల మీద ఉండే బాణం. ఈసారి ఒకరి వంతు, మళ్లీ ఇంకొకరి వంతు. ఒకరి వంతు అయిపోగానే స్కోరరు దాన్ని అవతలివాళ్ల వైపు తిప్పాలి. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. నాలుగో క్వార్టర్ ఎర్రచొక్కాల వంతుతో మొదలైంది, మధ్యలో మళ్లీ బాణంతో పని పడలేదు కాబట్టి, ఆఖర్న బాణం తెల్లచొక్కాల వైపు చూడాలి. చూడలేదు, ఎర్రచొక్కాల వైపే చూసింది. ఆమె తలెత్తి గమనించి బజర్ మీద చెయ్యి వేసేలోపు ఎర్రచొక్కాల వాళ్లు బంతి విసరడం, వేయడం, ఒక్క పాయింటుతో గెలవడం అయిపోయాయి. కెమెరాలన్నీ బంతి వెంట పోయాయి, బల్లను చూసింది ఒక్కటీ లేదు. అదే బల్ల దగ్గర కూర్చున్న కమిషనర్ ఆ క్వార్టర్ మొదట్లో వెనక్కి తిరిగి తెల్లచొక్కాల కోచ్‌కి నచ్చజెబుతున్నాడు.

ఫలితం మారదు. మారాల్సింది బల్ల దగ్గర కూర్చునే మనిషి.

"తిప్పానంటావు. మరి అది ఎర్రచొక్కాల వైపు ఎలా ఉంది? దానికి కాళ్లొచ్చాయా?" అన్నాడు మామగారు.

"అదే నేనూ అడుగుతున్నాను."

"నువ్వు అడగడం కాదు, జవాబు చెప్పాలి."

ఆమె లేచి మూలనున్న సొరుగు లాగింది. అందులోంచి చెక్కబాణం తీసి బల్ల మధ్యలో పెట్టింది. మామగారే వడ్రంగి చేత చేయించిన బాణం అది. ఆదివారం ఆదివారం ఈ భోజనాల బల్లే ఆట బల్ల అయ్యేది. అత్తగారు కంచం మీద గరిటెతో కొడితే అదే బజర్.

"నిన్నటి ఆట ఆడించండి. మూడో క్వార్టర్ నుంచి. మీకు చేతకాని పని కాదుగా," అంది.

"ఇప్పుడా?"

"నాలుగింటిదాకా టైముంది. మీరు జవాబడిగారు, నాకు తెలిసిన పద్ధతిలో వెతుకుతున్నాను."

పెద్దవిజిల్ కొడుకు వైపు చూశాడు, కొడుకు సీసా వైపు చూశాడు.

"టీవీ పెట్టి శబ్దం పెంచండి అత్తయ్యా. నిన్న హాల్లో పదిహేను వేలమంది అరుస్తున్నారు," అంది ఆమె.

అత్తగారు గొణుక్కుంటూనే టీవీ పెట్టింది. ఏ ఛానల్ చూసినా నిన్నటి ఆటే. జనం అరుపులతో గది నిండిపోయింది. ఆమె ఖాళీ షీటు పరుచుకుంది. భర్త ముందు లెక్కల యంత్రం పెట్టింది, అదే స్కోరుబోర్డు. అతను కుర్చీ జరుపుకుని ఆమె పక్కకు వచ్చాడు. బల్ల దగ్గర ఎలా కూర్చుంటాడో అలాగే, కాస్త ముందుకు వంగి.

మొదట అందరూ బొమ్మల్లా చేశారు. మామగారు నంబర్లు చదివాడు, ఆమె రాసింది, అతను నొక్కాడు. కానీ పెద్దవిజిల్ ఒకసారి ఆట మొదలుపెడితే మధ్యలో ఆపడం ఆయన వల్ల కాదు. నాలుగు నిమిషాలకు కుర్చీలోంచి లేచాడు. ఆరు నిమిషాలకు తువ్వాలు ఉండ చుట్టి బంతి చేశాడు.

"పదకొండు, రెండు పాయింట్లు. ఐదో నంబరు, ఫౌల్, రెండోది. బంతి బయటికి, తెల్లవాళ్లది. ఏడు, మూడు పాయింట్లు. అబ్బాయ్, బోర్డు వెనకబడుతోంది."

"లేదు నాన్నా, వేశాను."

"కళ్లు బోర్డు మీదే పెట్టకు. షీటు చూడు, బాణం చూడు, అన్నీ చూసుకోవాలి."

అత్తగారు ఠంగుమని గరిటె కొట్టింది. మూడో క్వార్టర్ అయిపోయింది. ఆవిడకు కూడా ఊపొచ్చింది, వంట మాట మర్చిపోయింది.

"నాలుగో క్వార్టర్," అని అరిచాడు మామగారు. "ఎర్రవాళ్ల వంతు. విసిరారు. పట్టుకున్నారు."

ఆమె బాణాన్ని తెల్లవైపు తిప్పింది. "తిప్పా," అంది, ఎప్పుడూ అనేటట్టే. తల వంచి షీటు మీద గీత మొదలుపెట్టింది.

"తొమ్మిది, రెండు పాయింట్లు. మళ్లీ తొమ్మిది, ఫౌల్."

భర్త రెండు మీటలు నొక్కి తలెత్తాడు. బాణం వైపు చూశాడు. ఎడమచెయ్యి చాచి, దాన్ని మెల్లగా, చప్పుడు కాకుండా ఎర్రవైపు తిప్పేశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ మీటల మీద పెట్టుకున్నాడు.

మామగారి నోట్లో నంబరు ఆగిపోయింది.

టీవీలో జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. అత్తగారు వెళ్లి దాన్ని ఆపేసింది. అప్పుడు ఆమె తలెత్తింది. మామగారి మొహం చూసింది, తర్వాత బాణం చూసింది, ఆఖర్న భర్త చేతిని చూసింది.

అతనికీ అప్పుడే తెలిసింది. అది నటన కాదని ఆమెకు వెంటనే అర్థమైంది. తన చెయ్యి తనది కాదన్నట్టు దాన్ని బల్ల కిందికి దించుకున్నాడు.

"నువ్వు," అంది ఆమె.

అత్తమామల ముందు అతన్ని 'మీరు' అనడం పదకొండేళ్ల అలవాటు. ఆ అలవాటు ఇవాళ్టితో తెగిపోయింది.

"నువ్వు మర్చిపోయావనుకున్నాను," అన్నాడు అతను. "ఆ గోలలో నువ్వు తిప్పా అన్నది నాకు వినపడలేదు. చూస్తే నువ్వు రాసుకుంటున్నావు. కమిషనర్ ఇటు తిరిగేలోపు సర్దేస్తే నీకు మాట రాదని..."

"బాణం ఎటు చూస్తోందో చూడలేదా?"

"చూశాననుకున్నాను. చెయ్యి వెళ్లిపోయింది."

"ఎప్పుడూ అంతేగా." ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది. "నేను తాళం వేస్తే నువ్వెళ్లి లాగి చూస్తావు. నేను పొయ్యి ఆపితే మళ్లీ తిప్పి చూస్తావు. కిందటి నెల అలా చూసి వెలిగించి వదిలేశావు, గిన్నె మాడిపోతే ఇల్లంతా నన్నే తిట్టింది, నేనూ నా తప్పే అనుకున్నాను. ఇన్నేళ్లలో నేను నిజంగా మర్చిపోయింది ఒక్కటి చెప్పు."

అతను ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు. ఒక్కటీ దొరకలేదు.

"నీకు సాయం చేద్దామనే," అన్నాడు.

"నన్ను నమ్మడం నీ చేత కాదు. దానికి సాయం అని పేరు పెట్టుకున్నావు."

మామగారు చెక్కబాణాన్ని తీసి సొరుగులో పెట్టి మూశాడు. తీరిగ్గా వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడాయన కాగితం చింపేస్తాడని ఆమె అనుకుంది. చింపితే ఆ క్షణమే ఆయన కాళ్లకు దణ్ణం పెట్టేసేదే.

ఆయన కాగితాన్ని మళ్లీ ఆమె ముందుకు జరిపాడు.

"అమ్మా, నిదానంగా విను. స్కోరరు మర్చిపోతే ఒక్క ఆట పోతుంది. పక్కవాడి పనిలో చెయ్యి పెడితే రెండేళ్లు వేటు. అది రూలు, నేను పెట్టింది కాదు. వాడికి రెండేళ్లు పోతే మళ్లీ ఎవడూ పిలవడు. నీకున్న పేరుకి నిన్ను నెలలోపు మళ్లీ పిలుస్తారు."

"ఇందాకటిదాకా నేను మర్చిపోయానన్నారు. ఇప్పుడు మర్చిపోలేదని కళ్లారా చూసి కూడా అదే కాగితం ఇస్తున్నారు."

"ఇందాక అడిగింది తప్పు చేశావని. ఇప్పుడు అడుగుతున్నది ఇంటి కోసం."

అత్తగారు గరిటె పక్కన పెట్టి వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. ఆవిడకు డొంకతిరుగుడు తెలీదు.

"నువ్వు తిప్పావని నాకు నిన్ననే తెలుసు," అంది. "నువ్వు మర్చిపోయే మనిషివి కాదు. వాడే ఏదో చేసుంటాడనుకున్నాను. అయినా సంతకం పెట్టు."

"ఎందుకు అత్తయ్యా?"

"వాడు నా కొడుకు కాబట్టి. నువ్వు తప్పుకుంటే రేపు ఆ కుర్చీలో వాడు కూర్చుంటాడు. రూల్లో సహాయకుడే పైకి వస్తాడట, మీ మామయ్య చెప్పారు. కుర్చీ మనిల్లు దాటిపోదు."

ఆ మాటతో గదిలో అందరికీ అన్నీ తేటతెల్లమయ్యాయి. ఆమె నవ్వింది. నవ్వకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు.

"బాణం తప్పుగా తిప్పినవాడు కుర్చీ ఎక్కుతాడు. సరిగ్గా తిప్పిన నేను ఇంట్లో కూర్చుని టీవీలో చూస్తాను. ఇదేగా మీరు రాసిన ఆట?"

"మాటలు మీరకు," అన్నాడు మామగారు.

"మీరే నేర్పారు మామయ్యా. షీటు మీద జరిగింది రాయాలి, జరగనిది రాయకూడదు, రాసింది కొట్టెయ్యకూడదు అన్నారు. అది నిజమని నమ్మి ఈ పని నేర్చుకున్నాను. ఈ ఇంటి మొహం చూసి కాదు." కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "నాలుగింటికి ఇస్తాను. సంతకం లేకుండా ఇస్తాను."

"వాడి బతుకు నీ చేతుల్లో ఉంది," అంది అత్తగారు.

"నా బతుకు నా చేతుల్లో ఉంది. ముందు దాని సంగతి చూసుకోనివ్వండి."

చెప్పులు వేసుకుంటుంటే భర్త గుమ్మం దాకా వచ్చాడు. ఏదో అంటాడని ఒక్క క్షణం ఆగింది. అతను ఆమె సంచి జిప్పు సగం తెరిచి ఉందని చూసి, చెయ్యి చాచబోయి, ఆపుకున్నాడు. ఆమె తలుపు లాగి మెట్లు దిగింది.

హాలుకి ఇరవై నిమిషాల నడక. దారి పొడుగునా స్తంభాలకు జెండాలు, గోడల మీద రెండు జట్ల ఆటగాళ్ల బొమ్మలు, ఇంటి కప్పు అంత ఎత్తున. రోడ్డు పక్క బల్లల మీద టోపీలు అమ్ముతున్నారు. ఇద్దరు యువకులు నిన్నటి ఆట గురించి పోట్లాడుకుంటున్నారు. 'బల్ల దగ్గర ఆవిడెవరో గుడ్డిదిరా' అన్నాడు ఒకడు. ఆమె పక్కనుంచే నడిచి వెళ్లింది. వెనక్కి తిరిగి చెప్పాల్సింది వాళ్లకు కాదు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూస్తే భర్త పది అడుగుల వెనక నడుస్తూ వస్తున్నాడు. పిలవలేదు, దగ్గరికీ రాలేదు. మామగారు కారులో ముందే చేరిపోయి ఉంటాడు. ఆయన ఎక్కడికైనా అరగంట ముందే వెళ్తాడు.

కమిషనర్ గది ఒకప్పుడు సామాన్ల కొట్టు. గోడ పక్కన గాలి తీసేసిన బంతులు సంచుల్లో పోసి ఉన్నాయి. కమిషనర్ పొట్టి మనిషి, పొదుపుగా మాట్లాడతాడు. పెద్దవిజిల్ అప్పటికే ఓ కుర్చీలో సర్దుకుని ఉన్నాడు.

"కూర్చోండి," అన్నాడు కమిషనర్.

"ఫర్వాలేదండీ." ఆమె కాగితం విప్పి బల్ల మీద పెట్టింది.

ఆయన చదివి, కిందికి చూసి, వెనక్కి తిప్పి చూశాడు. "సంతకం లేదు."

"అది నేను రాసింది కాదు. నేను నాలుగో క్వార్టర్ మొదట్లో బాణం తిప్పాను. రూలు ప్రకారం, టైముకి, తెల్లచొక్కాల వైపు తిప్పాను. ఇదే నా జవాబు."

కమిషనర్ నిట్టూర్చి సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. "మరి దీన్నేం చేయమంటారు? నిన్న ఆట అవగానే ఇచ్చారు."

అది భర్త సంతకంతో ఉంది. 'సహాయకుడిగా స్కోరరు పక్కనే కూర్చున్నాను. నాలుగో క్వార్టర్ మొదట్లో ఆమె బాణం తిప్పలేదు. నేను చూశాను.'

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. నిన్న హాలునుంచి ఇంటికి వస్తూ ఇద్దరూ ఆటోలో పక్కపక్కనే కూర్చున్నారు. అతను ఆమె చేతిలో చెయ్యి వేసి, 'ఏం కాదులే' అన్నాడు. అప్పటికే ఈ కాగితం ఇచ్చేసి వచ్చాడు.

తలుపు దగ్గర అలికిడైంది. భర్త వచ్చి నిలబడ్డాడు.

"ఇది నువ్వు రాశావా?" అంది, వెనక్కి తిరగకుండానే.

"అప్పుడు నేను అదే అనుకున్నాను. నువ్వు తిప్పలేదనే అనుకున్నాను."

"చూశానని రాశావు. అనుకున్నానని రాయలేదు."

పెద్దవిజిల్ మధ్యలో కలగజేసుకున్నాడు. "అయ్యా, మొగుడూ పెళ్లాల మాటలు ఇక్కడెందుకు. అమ్మాయి కంగారులో ఉంది, సాయంత్రం దాకా టైమిస్తే..."

"నేను కంగారులో లేను మామయ్యా." ఆమె నిటారుగా నిలబడింది. కోపం వచ్చింది, ఇప్పుడు అది పనికొచ్చేదే. "కమిషనర్ గారూ, నాకు ఒక తెల్లకాగితం ఇవ్వండి."

ఇచ్చాడు. ఆమె నిలబడే రాసింది. నాలుగు వాక్యాలు. రాసి, కింద సంతకం పెట్టి, ఆయనకే పైకి చదివి వినిపించింది.

"'నేను బాణం తిప్పాను. నేను తిప్పాక నా సహాయకుడు దాన్ని మళ్లీ తిప్పాడు. కావాలని కాదు, నేను మర్చిపోయానని అనుకుని. ఇవాళ మధ్యాహ్నం మా ఇంట్లో ఆటను మళ్లీ ఆడించినప్పుడు అతను అదే పని చేయగా ఇద్దరు కళ్లారా చూశారు.'"

కమిషనర్ కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఆ ఇద్దరూ ఎవరు?"

"మా అత్తగారు, ఇదిగో, ఈయన."

కమిషనర్ మెల్లగా పెద్దవిజిల్ వైపు తిరిగాడు. ఈ ఆటలో ఉన్నవాళ్లెవరికైనా ఆయన మాట మీద గురి. నలభై ఏళ్లలో ఆయన చూడనిదానికి ఊదింది లేదు, చూసి ఊరుకున్నది లేదు. ఆ ఒక్క మాట చెప్పుకునే ఆయన ఇంతకాలం కాలర్ ఎగరేశాడు.

"సార్, మీరు చూశారా?" అన్నాడు కమిషనర్.

పెద్దవిజిల్ కొడుకు వైపు చూశాడు. కొడుకు మొహం చాటేయలేదు. ముసలాయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కోడలి వైపు మాత్రం చూడలేదు.

ఆమె ఎదురుచూసింది. ఎంతసేపు చూడాలో అంతసేపు చూసింది. తర్వాత సంచి భుజాన వేసుకుంది.

"మీరు తీరిగ్గా తేల్చుకోండి," అంది. "నా పేరు ఇంకా నోటీసు బోర్డులోనే ఉంది. తీసెయ్యాలనుకుంటే తీసెయ్యండి, కానీ కారణం రాసి తీసెయ్యండి. నేనైతే తప్పుకోను. రేపు ఆరింటికి కుర్చీలో ఉంటాను. లేపాలంటే అందరి ముందూ లేపండి."

"అమ్మా, ఆగు," అన్నాడు మామగారు.

ఆగలేదు. భర్త పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె వరండాలో నాలుగడుగులు వేసిందో లేదో, వెనక గదిలోంచి అతని గొంతు వినిపించింది. ఇన్నేళ్లలో తండ్రిని అతను ఎదురు ప్రశ్న అడగడం ఆమె వినలేదు.

"నాన్నా, మీరు చెప్తారా, నేను చెప్పనా?"

ఆగి వినాలని ఆమెకు ప్రాణం లాగింది. కానీ జవాబు ఏదైనా సరే, దాని మీద తన కుర్చీ ఆధారపడి ఉండటం ఇక ఆమెకు ఇష్టం లేదు. వరండా దాటి హాల్లోకి నడిచింది.

మైదానం ఖాళీగా ఉంది. ఇద్దరు పనివాళ్లు పొడుగాటి తుడుపుకర్రలతో చెక్కనేల తుడుస్తున్నారు. బల్ల మీద రేపటి స్కోరుషీటు, దాని పక్కన రెండు జట్లు పంపిన పేర్ల జాబితాలు ఉన్నాయి. పేర్లూ నంబర్లూ ముందురోజే నింపిపెట్టడం స్కోరరు పని. ఇవాళ ఎవరు నింపాలో ఎవరూ చెప్పలేదు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. షీటు తన వైపు తిప్పుకుంది. మామూలుగా ఆటగాళ్ల పేర్లతో మొదలుపెట్టి, అధికారుల గళ్లు ఆఖర్న నింపుతుంది. ఇవాళ అడుగునుంచి మొదలుపెట్టింది. 'స్కోరరు' అన్న గడిలో తన పేరు రాసింది, పెన్నుతో, అక్షరం అక్షరం విడివిడిగా, గడి నిండేలా.

'సహాయకుడు' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

వెనకనుంచి వరండాలో బూట్ల చప్పుడు దగ్గరికి వస్తోంది. ఒక్కరివి కావు. ఆమె తలెత్తలేదు. ఆ గడిని ఖాళీగా వదిలేసి, ఎర్రచొక్కాల జాబితా ముందుకు లాక్కుని, మొదటి ఆటగాడి నంబరు వేసింది.